"741 లేదు, 358 ఇవ్వనా?": ప్రాజెక్టుకి ఆప్‌ఆంప్ ఎంచుకునే ముందు

మా అన్నయ్య కొడుకు ఈసీఈ మూడో ఏడు చదువుతున్నాడు. ఒకరోజు కోఠీ గుజరాతీ గల్లీ నుంచి ఫోన్ చేశాడు. "బాబాయ్, 741 అయిపోయిందట. 358 ఇస్తానంటున్నాడు షాపాయన, రెండూ ఒకటేనట. తీసుకోమంటావా?"

"దేనికిరా?" అన్నాను.

"ప్రాజెక్టుకి."

"ప్రాజెక్టంటే? సిగ్నల్ ఎంత, ఫ్రీక్వెన్సీ ఎంత, సప్లై ఏంటి?"

అవతల బైకుల హారన్లు తప్ప ఇంకేమీ వినపడలేదు.

వాణ్ణి అని లాభం లేదు. 741, 358 రెండూ ఆప్‌ఆంప్‌లే, అంటే చిన్న సిగ్నల్‌ని పెంచి ఇచ్చే ఐసీలు (చిప్‌లు). లీనియర్ ఐసీల సబ్జెక్టులో మనకి చెప్పేది ఐడియల్ ఆప్‌ఆంప్: గెయిన్ (ఇన్‌పుట్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) అనంతం, ఇన్‌పుట్ కరెంటు సున్నా, బ్యాండ్‌విడ్త్‌కి (పనిచేయగల ఫ్రీక్వెన్సీల మేరకి) హద్దు లేదు. ల్యాబ్‌లో ఇచ్చేది 741 ఒక్కటే. ఈ రెండింటి మధ్య ఎన్ని రకాలున్నాయో, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుందో షాపు కౌంటర్ దగ్గర నిలబడేదాకా ఎవరూ చెప్పరు. వాడికి ఫోన్‌లో చెప్పిందే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు చూడాల్సింది: లీనియారిటీ ఎక్కడ ఆగుతుంది

ఇన్‌పుట్ రెట్టింపైతే అవుట్‌పుట్ కూడా రెట్టింపు కావాలి. రెండు సిగ్నల్స్ కలిపి ఇస్తే, విడివిడిగా ఇచ్చినప్పుడు వచ్చిన అవుట్‌పుట్‌ల మొత్తమే రావాలి. లీనియర్ సిస్టమ్ అంటే ఇంతే, ఇది అందరికీ కంఠతా వచ్చు. కానీ ఏ ఆప్‌ఆంపూ అన్ని పరిస్థితుల్లో లీనియర్ కాదు. ప్రతిదానికీ కొన్ని గోడలుంటాయి, ఆ గోడల మధ్య ఉన్నంతసేపే ఈ నియమాలు పనిచేస్తాయి. మీ సిగ్నల్ ముందుగా ఏ గోడకి తగులుతుందో తెలిస్తే ఐసీ దాదాపు ఎంచుకున్నట్టే.

మొదటి గోడ సప్లై. అవుట్‌పుట్ సప్లై వోల్టేజీని దాటలేదు. చాలా ఐసీలు దాని దాకా కూడా వెళ్లలేవు, వోల్టో రెండు వోల్ట్‌లో ముందే ఆగిపోతాయి. ఇన్‌పుట్‌కీ ఇలాంటి హద్దే ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు.

రెండోది స్లూ రేటు, అంటే అవుట్‌పుట్ మైక్రోసెకనుకి ఎన్ని వోల్ట్‌లు మారగలదన్నది. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 741 గెయిన్-బ్యాండ్‌విడ్త్ (ఆ రెండింటి లబ్ధం) సుమారు 1 మెగాహెర్ట్జ్. గెయిన్ 10 పెట్టుకుంటే 100 కిలోహెర్ట్జ్ దాకా వస్తుందని లెక్క. మరి 20 కిలోహెర్ట్జ్ అంటే హాయిగా రావాలి కదా? ఇన్‌పుట్ పీక్ 0.3 వోల్ట్ ఇచ్చి చూడండి, 3 వోల్ట్‌ల సైన్ శుభ్రంగా వస్తుంది. ఇప్పుడు 1 వోల్ట్ ఇవ్వండి. 10 వోల్ట్‌లు రావాలి. సీఆర్‌ఓ (సిగ్నల్ ఆకారం చూపే ఆసిలోస్కోప్) మీద కనిపించేది ఆరుంబావు వోల్ట్‌ల పీక్ ఉన్న త్రిభుజం! 741 స్లూ రేటు మైక్రోసెకనుకి 0.5 వోల్ట్. 20 కిలోహెర్ట్జ్‌లో పావు సైకిల్ 12.5 మైక్రోసెకన్లు. అంత సేపట్లో అది ఎక్కగలిగేది 6.25 వోల్ట్‌లే. ఫ్రీక్వెన్సీ మారలేదు, గెయిన్ మారలేదు, సైజు పెంచగానే సైన్ కాస్తా త్రిభుజమైంది. లీనియారిటీ పోవడాన్ని కళ్లతో చూడాలంటే ఇంతకంటే తేలికైన ప్రయోగం నాకు తెలీదు.

లెక్క కూడా చిన్నదే. స్లూ రేటుని (2 × పై × అవుట్‌పుట్ పీక్) తో భాగిస్తే ఆ సైజు సైన్ వంకరపోకుండా వచ్చే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ తెలుస్తుంది. 10 వోల్ట్‌ల పీక్‌కి 741తో వచ్చేది దాదాపు 8 కిలోహెర్ట్జ్.

మూడోది ఇన్‌పుట్ బయాస్ కరెంటు, అంటే ఇన్‌పుట్ పిన్‌ల గుండా పారే చిన్న కరెంటు. సెన్సర్ రెసిస్టెన్స్ ఎక్కువైనప్పుడే ఇది పెద్ద సమస్య. నాలుగోది ఆఫ్‌సెట్: ఇన్‌పుట్ సున్నా ఉన్నా లోపల ఉన్నట్టు కనిపించే చిన్న వోల్టేజీ. మైక్రోవోల్ట్‌లు కొలిచేవాళ్లకి ఇదే ప్రాణాంతకం, మిగతావాళ్లు పట్టించుకోనక్కర్లేదు. అయిదోది నాయిస్, అంటే సిగ్నల్‌కి తోడయ్యే అనవసరపు రొద, ఇది ఆడియో వాళ్ల గొడవ.

ఆరు ఐసీలు, ఒక పట్టిక

మన షాపుల్లో తేలిగ్గా దొరికేవి, స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ ఆరు. అంకెలు డేటాషీట్లలో సాధారణంగా ఉండేవి. కంపెనీని బట్టి, గ్రేడుని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

| | 741 | ఎల్ఎం358 | టీఎల్072 | ఎన్ఈ5532 | ఎంసీపీ6002 | ఓపీ07 |
|---|---|---|---|---|---|---|
| ఒక ఐసీలో ఆప్‌ఆంప్‌లు | 1 | 2 | 2 | 2 | 2 | 1 |
| సప్లై (వోల్ట్‌లు) | ±5 నుంచి ±18 | 3 నుంచి 32, సింగిల్ చాలు | ±5 నుంచి ±15 | ±5 నుంచి ±15 | 1.8 నుంచి 6, సింగిల్ | ±3 నుంచి ±18 |
| గెయిన్-బ్యాండ్‌విడ్త్ (మెగాహెర్ట్జ్) | 1 | సుమారు 1 | 3 | 10 | 1 | 0.6 |
| స్లూ రేటు (మైక్రోసెకనుకి వోల్ట్‌లు) | 0.5 | 0.3 | 13 | 9 | 0.6 | 0.3 |
| బయాస్ కరెంటు | 80 నానోఆంపియర్లు | పదుల నానోఆంపియర్లు | 65 పికోఆంపియర్లు | 200 నానోఆంపియర్లు | 1 పికోఆంపియర్ | 2 నానోఆంపియర్లు |
| గరిష్ఠ ఆఫ్‌సెట్ (మిల్లీవోల్ట్‌లు) | 6 | 7 | 10 | 4 | 4.5 | 0.15 |

పట్టికలో ఏ ఒక్కటీ అన్ని వరుసల్లోనూ గెలవలేదు. 5532 బ్యాండ్‌విడ్త్‌లో ముందుంది, బయాస్ కరెంటులో అన్నిటికంటే అధ్వానం. ఓపీ07 ఆఫ్‌సెట్‌లో రాజు, నడకలో నత్త.

741: గౌరవనీయులైన తాతగారు

1968లో ఫెయిర్‌చైల్డ్‌లో డేవ్ ఫుల్లాగర్ డిజైన్ చేశాడు. అంతకు ముందున్న 709కి ఆసిలేట్ కాకుండా (దానంతటదే ఊగిపోకుండా) బయట కెపాసిటర్లు పెట్టుకోవాల్సి వచ్చేది. ఈయన 30 పికోఫారాడ్‌ల కెపాసిటర్‌ని చిప్ లోపలే పెట్టేశాడు. ఎవరు ఎలా కనెక్ట్ చేసినా పెద్దగా అల్లరి చేయని ఐసీ తయారైంది. పాఠ్యాంశాల్లో పాతుకుపోయింది అందుకే.

ల్యాబ్ పరీక్షకి, వైవాకి 741 కొనండి. పిన్‌లు కూడా దానివే అడుగుతారు: 2 ఇన్వర్టింగ్, 3 నాన్-ఇన్వర్టింగ్, 6 అవుట్‌పుట్, 7 ప్లస్, 4 మైనస్. ఇంట్లో చేయాలంటే రెండు 9 వోల్ట్ బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి మధ్య పాయింట్‌ని గ్రౌండ్ చేసుకుంటే సరి.

కొత్త ప్రాజెక్టుకి మాత్రం వద్దు. ముఖ్యంగా ఆర్డినో (మైక్రోకంట్రోలర్ బోర్డు) 5 వోల్ట్‌ల మీద అస్సలు వద్దు. పైనుంచి రెండు వోల్ట్‌లు, కిందనుంచి రెండు వోల్ట్‌లు అది ముట్టుకోదు. 5 వోల్ట్‌లలో మిగిలేది మధ్యలో ఒక్క వోల్ట్. "సర్, సెన్సర్ ఏం పెట్టినా అవుట్‌పుట్ 2 వోల్ట్‌ల దగ్గరే ఉంటోంది" అని వచ్చే పిల్లల బోర్డు మీద ముందు నేను వెతికేది 741 కోసమే.

ఎల్ఎం358: చవక, సింగిల్ సప్లై, ఒక చెడ్డ అలవాటు

దీని గొప్పదనం కింది గోడ. మైనస్ పిన్‌ని గ్రౌండ్‌కి కలిపేసినా ఇన్‌పుట్ గ్రౌండ్ దాకా పనిచేస్తుంది, అవుట్‌పుట్ దాదాపు గ్రౌండ్ దాకా దిగుతుంది. పై గోడ మాత్రం అలాగే ఉంది, సప్లైకి ఒకటిన్నర వోల్ట్ కింద ఆగిపోతుంది.

దీన్ని ఎల్ఎం35 అనే ఉష్ణోగ్రత సెన్సర్‌తో కలిపి చూద్దాం, అందరూ చేసే ప్రాజెక్టే కదా. ఎల్ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్ట్‌లిస్తుంది. 100 డిగ్రీలకి 1 వోల్ట్. ఆర్డినో ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) 5 వోల్ట్‌ల దాకా చదువుతుంది కాబట్టి గెయిన్ 5 పెడతారు. చల్లగా ఉన్నంతసేపూ రీడింగ్ బాగుంటుంది. 70 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, ఇక కదలదు. సెన్సర్ పోయిందని ఇంకోటి కొంటారు. సెన్సర్ తప్పేమీ లేదు, 358 మూడున్నర వోల్ట్‌లు దాటలేదంతే. గెయిన్ 3 పెట్టుకోండి, 100 డిగ్రీలకి 3 వోల్ట్‌లొస్తాయి, గొడవ వదులుతుంది. ఈఎస్‌పీ32 బోర్డుల 3.3 వోల్ట్‌ల సప్లై మీద అయితే 358కి మిగిలేది 1.8 వోల్ట్‌లే. అక్కడ వేరే ఐసీ చూసుకోవడం మంచిది.

చెడ్డ అలవాటంటే క్రాస్ఓవర్ డిస్టార్షన్. అవుట్‌పుట్‌లో కరెంటు దిశ మారే చోట చిన్న నొక్కు పడుతుంది. ఉష్ణోగ్రత లాంటి నెమ్మది సిగ్నల్స్‌లో కనపడదు. పాట వింటే మాత్రం గరగరమంటుంది. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి కొన్ని కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే చాలావరకు తగ్గుతుంది. కానీ ఆడియో కోసమే కొంటున్నట్టయితే ఆ రెసిస్టర్ దాకా ఎందుకు, వేరేది కొనండి.

టీఎల్072, ఎన్ఈ5532: ఆడియో వాళ్ల పాత తగువు

ఈ రెండింటిలో ఏది మంచిదని అడిగితే ఎవరి పక్షం వాళ్లది. నిజానికి తేల్చేది ఐసీ కాదు, దాని ముందు మీరు పెట్టే సోర్స్ రెసిస్టెన్స్.

5532 వోల్టేజీ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 5 నానోవోల్ట్‌లు, పాత తరం టీఎల్072ది 18. ఇక్కడితో ఆగితే 5532దే గెలుపు. కానీ 5532 ఇన్‌పుట్‌లో కరెంటు నాయిస్ కూడా ఉంది, అది మీ సోర్స్ రెసిస్టెన్స్ మీద వోల్టేజీగా మారుతుంది. టీఎల్072 ఇన్‌పుట్‌లో ఉన్నవి జేఫెట్‌లు (ఇన్‌పుట్ కరెంటు దాదాపు తీసుకోని ట్రాన్సిస్టర్లు), దానికి ఆ బాధ దాదాపు లేదు. లెక్క వేస్తే 25 కిలోఓమ్‌ల దగ్గర రెండూ సమానమవుతాయి. మైక్రోఫోన్, లైన్ అవుట్, మిక్సర్ లాంటి తక్కువ రెసిస్టెన్స్ సోర్స్‌లకి 5532. గిటార్ పికప్, పియెజో, పెద్ద వాల్యూమ్ కంట్రోల్ తర్వాత వచ్చే స్టేజీకి టీఎల్072. ఫిల్టర్‌లో 100 కిలోఓమ్‌ల రెసిస్టర్లు పెట్టుకుని 5532 కొన్నవాళ్లు డబ్బులిచ్చి నాయిస్ కొనుక్కున్నట్టే. ఆ రెసిస్టర్ ఒక్కటే 40 నానోవోల్ట్‌లు గొణుగుతుంది.

5532 కరెంటు కూడా బాగా తాగుతుంది, రెండు ఆంప్‌లకి కలిపి సుమారు 8 మిల్లీఆంపియర్లు. 9 వోల్ట్ బ్యాటరీ మీద నడిపేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. బదులుగా 600 ఓమ్‌ల లోడ్‌ని కూడా శ్రమ లేకుండా నడుపుతుంది.

టీఎల్072కి ఒక విచిత్రం ఉంది. పాత రకాల్లో ఇన్‌పుట్ మైనస్ సప్లై దగ్గరికి వెళ్లిందంటే అవుట్‌పుట్ ఒక్కసారిగా ప్లస్ వైపుకి గెంతుతుంది. దీన్ని ఫేజ్ రివర్సల్ అంటారు. ఒకసారి మోటర్ స్పీడ్ కంట్రోల్‌లో ఇది పెట్టాను. స్పీడ్ తగ్గించమంటే మోటర్ పూర్తి వేగంతో పరిగెత్తింది. రెండు సాయంత్రాలు వైరింగ్ తప్పనుకుని విప్పి కట్టాను. కంట్రోల్ లూపుల్లో ఇప్పటికీ దాన్ని నమ్మను.

ఎంసీపీ6002: చిన్న వోల్టేజీల పిల్లాడు

మైక్రోకంట్రోలర్ పక్కన పెట్టడానికి నా మొదటి ఎంపిక ఇదే. 1.8 వోల్ట్‌ల నుంచి నడుస్తుంది, ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ సప్లై అంచుల దాకా వెళ్తాయి. ఆంప్‌కి 100 మైక్రోఆంపియర్లే తీసుకుంటుంది. పైన చెప్పిన ఎల్ఎం35 కథలో దీన్ని పెడితే గెయిన్ 5తోనే 100 డిగ్రీల దగ్గరిదాకా చదువుతుంది.

ఇది బాగా మెరిసే చోటు పీహెచ్ ఎలక్ట్రోడ్. 25 డిగ్రీల వద్ద ఒక పీహెచ్‌కి 59 మిల్లీవోల్ట్‌లొస్తాయి, కానీ గాజు ఎలక్ట్రోడ్ రెసిస్టెన్స్ పదుల నుంచి వందల మెగాఓమ్‌ల దాకా ఉంటుంది. 100 మెగాఓమ్‌లనుకుందాం. 741 బయాస్ కరెంటు దాని మీద 8 వోల్ట్‌లు పుట్టిస్తుంది, అంటే కొలత మాట అటుంచి బోర్డే మొండికేస్తుంది. టీఎల్072తో తప్పు 6.5 మిల్లీవోల్ట్‌లు, పీహెచ్‌లో సుమారు 0.1. ఎంసీపీ6002తో 0.1 మిల్లీవోల్ట్. రొయ్యల చెరువు నీళ్ల ప్రాజెక్టులు చేసే భీమవరం వైపు పిల్లలకి ఈ లెక్క పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త: 7 వోల్ట్‌లు దాటితే చచ్చిపోతుంది. ±12 సప్లై ఉన్న బోర్డు దగ్గరికి తీసుకెళ్లకండి.

ఓపీ07: తొందరలేని కొలతగాడు

కే టైప్ థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్ట్‌లిస్తుంది. 741కి 2 మిల్లీవోల్ట్‌ల ఆఫ్‌సెట్ మామూలే. భాగించి చూడండి: దాదాపు 49 డిగ్రీల తప్పు. ఓపీ07లో 60 మైక్రోవోల్ట్‌లనుకుంటే డిగ్రీన్నర. లోడ్ సెల్, స్ట్రెయిన్ గేజ్, థర్మోకపుల్ అంటే ఇది, ఇంకేం ఆలోచించక్కర్లేదు. 741 సాకెట్‌లో నేరుగా కూర్చుంటుంది కూడా. ఆఫ్‌సెట్ సరిచేసే పాట్ (పొటెన్షియోమీటర్) కనెక్షన్ ఒక్కటే తేడా, 741కి 1, 5 పిన్‌లైతే దీనికి 1, 8.

ఏదీ కొనకూడని సందర్భాలు

ఈసీజీ. ఫైనల్ ఇయర్‌లో బ్యాచ్‌కి ఒకరైనా ఇది మొదలుపెడతారు. గుండె సిగ్నల్ మిల్లీవోల్ట్ ఉంటుంది, ఒంటి మీద 50 హెర్ట్జ్ కరెంటు హమ్ దానికంటే చాలా ఎక్కువ. ఆ హమ్‌ని తీసేయాల్సింది డిఫరెన్స్ ఆంప్లిఫయర్. దాన్ని 1 శాతం రెసిస్టర్లు నాలుగు పెట్టి మీరే కడితే, గెయిన్ 1 దగ్గర అధ్వాన్నపు సందర్భంలో కామన్ మోడ్ రిజెక్షన్ (రెండు ఇన్‌పుట్‌లకీ ఉమ్మడిగా వచ్చే హమ్‌ని కొట్టేసే సామర్థ్యం) 34 డెసిబెల్స్‌కి పడిపోతుంది. ఏ మంచి ఆప్‌ఆంప్ పెట్టినా అంతే, తప్పు రెసిస్టర్లది. ఏడీ620 లాంటి రెడీమేడ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ కొనండి. ధర చూసి గుండె గుభేలుమంటుంది, కానీ మూడు వారాలు మిగులుతాయి. ఇంకో మాట, మనిషికి తగిలించే సర్క్యూట్‌ని బ్యాటరీ మీదే నడపండి. ప్లగ్‌కి పెట్టిన ల్యాప్‌టాప్‌కి, సీఆర్‌ఓకి కలపకండి.

రెండోది కంపారేటర్ పని, అంటే రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పడం. చీకటి పడితే లైటు వెలగడం, ట్యాంకు నిండితే మోటర్ ఆగడం లాంటివి లీనియర్ పనులే కావు. వాటికి ఎల్ఎం393 ఉంది. 5532 అయితే అస్సలు పనికిరాదు, దాని రెండు ఇన్‌పుట్‌ల మధ్య లోపల డయోడ్‌లున్నాయి, అర వోల్ట్ పైన తేడా రాగానే అవి కండక్ట్ అవుతాయి.

కౌంటర్ దగ్గర

358, టీఎల్072, 5532, ఎంసీపీ6002 నాలుగింటికీ పిన్‌లు ఒకటే వరుస. కాబట్టి ఐసీని నేరుగా సోల్డర్ చేయకుండా 8 పిన్‌ల సాకెట్ పెట్టుకోండి. నచ్చకపోతే పీకి ఇంకోటి గుచ్చొచ్చు, సప్లై ఒక్కటి చూసుకుంటే చాలు. ఐసీ పక్కనే 0.1 మైక్రోఫారాడ్ సిరామిక్ కెపాసిటర్లు సప్లై పిన్‌లకి తప్పకుండా పెట్టండి. 5532 లాంటి వేగమైనవి అవి లేకపోతే వాటంతటవే ఆసిలేట్ అవుతాయి.

పేరు చెరిపి వేరే పేరు అచ్చేసిన సరుకు కూడా దొరుకుతుంది. 5532 కొంటే సప్లైలో మల్టీమీటర్ పెట్టి కరెంటు చూడండి. 8 మిల్లీఆంపియర్ల దరిదాపుల్లో ఉంటే సరే. ఒక మిల్లీఆంపియర్ కూడా లేదంటే అందులో ఉన్నది బహుశా 358 లాంటిదే.

ఇంతకీ మావాడి ప్రాజెక్టు ఏంటంటే, కాసేపటికి చెప్పాడు: మట్టిలో తేమ చూసి ఆర్డినోకి పంపడం, 5 వోల్ట్‌ల మీద. నిమిషానికి ఒక రీడింగ్ చాలట. "అయితే 358 తీసుకో, అవుట్‌పుట్ మాత్రం మూడున్నర వోల్ట్‌లు దాటకుండా గెయిన్ పెట్టుకో" అన్నాను. "మరి ల్యాబ్ ఎగ్జామ్‌కి 741 కావాలి కదా బాబాయ్?" అన్నాడు. దానికి పక్క షాపులో అడగమన్నాను.